పేరు పెట్టుకునే ముందు పావు సెకను

గాలివానకు పోయిన కరెంటు ముదినేపల్లిలో ఏ అర్ధరాత్రికో తిరిగొస్తుంది. గుడివాడ–కైకలూరు రోడ్డు మీద ఒక జిరాక్స్ సెంటర్‌ను ఊహించుకోండి. ఒక రూటర్, రెండు ప్రింటర్లు, డీటీపీ పనికి రెండు కంప్యూటర్లు, బల్ల కింద మానిటరూ కీబోర్డూ లేకుండా నడిచే పాత డెస్క్‌టాప్ ఒకటి. ఆ చివరిదే సర్వర్. ఆధార్ జిరాక్సుల నుంచి చేపల చెరువుల లీజు కాగితాల దాకా స్కాన్ చేసినవన్నీ దానిలోనే ఉంటాయి. లైటు వెలిగిన క్షణాన ఇవన్నీ ఒక్కసారిగా లేస్తాయి. లేచిన ప్రతిదానికీ తన పేరు చెప్పుకోవాల్సిన పని ఉంది. అన్నీ ఒకే క్షణంలో చెబితే ఎవరి మాటా ఎవరికీ అందదు.

అందుకని ఒక నియమం పెట్టారు. యంత్రం లేవగానే మాట్లాడకూడదు. సున్నా నుంచి 250 మిల్లీసెకన్ల మధ్య ఏదో ఒక అంకెను పాచిక వేసినట్టు ఎంచుకుని, అంతసేపు ఆగి, అప్పుడు నోరు విప్పాలి. ఎన్నో యంత్రాలకు ఒకేసారి కరెంటు అందే సందర్భాన్ని ఈ నియమం రాసిన పత్రం ప్రత్యేకంగా ప్రస్తావించి, ఈ ఆలస్యం అందుకే పెట్టామంటుంది. రాసినవాళ్లు ఆపిల్ సంస్థలో పనిచేసేవాళ్లే అయినా, మన తుపానుల సంగతి ఎరిగినట్టే రాశారు.

ఏ సేవ ఏ యంత్రం దగ్గర దొరుకుతుందో యంత్రాలే తమలో తాము తెలుసుకోవడాన్ని సర్వీస్ డిస్కవరీ అంటారు. ఆ పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్లలో లినక్స్, ఫ్రీబీఎస్‌డీ వంటి యూనిక్స్ తరహా వ్యవస్థల మీద బాగా స్థిరపడిన వాటిలో అవాహి ఒకటి. ఇన్‌స్టాల్ చేయడం నిమిషం పని. అయిదారు నిమిషాలు తీరిగ్గా దాని లోపలికి చూస్తే మాత్రం లేవబుద్ధి కాదు. దీనిలో నాకు నచ్చిన పనితనం అంతా మౌనంలో ఉంది. ఎప్పుడు మాట్లాడకూడదో ఇంత సూక్ష్మంగా లెక్కగట్టిన సాఫ్ట్‌వేరును నేను పెద్దగా చూడలేదు.

ముందు అవసరం సంగతి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను మళ్లీ విడగొట్టినప్పుడు ముదినేపల్లి కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. కవరు మీద రాసే చివరి పంక్తి మారింది గాని, ఊరిని పిలిచే పేరు మారలేదు. రూటర్ ఇచ్చే ఐపీ అడ్రసు కూడా అలాంటిదే. నిన్న 192.168.1.7గా ఉన్న సర్వర్ ఇవాళ రూటర్ ఆపి వేస్తే 192.168.1.12 కావచ్చు. అంకెను గుర్తుపెట్టుకున్న కంప్యూటరుకు ఫోల్డరు దొరకదు. దుకాణం కుర్రాడు 'సర్వర్ పోయిందండీ' అంటాడు. సర్వర్ ఎక్కడికీ పోదు, దాని అంకె మారిందంతే. పెద్ద ఆఫీసుల్లో పేరుకూ అంకెకూ లంకె వేయడానికి డీఎన్ఎస్ సర్వర్ ఒకటి, దాన్ని చూసుకునే మనిషి ఒకరు ఉంటారు. జిరాక్స్ సెంటర్‌లో అలాంటి మనిషి ఎక్కడి నుంచి వస్తాడు?

ఈ ప్రశ్నను పట్టుకుని కూర్చున్నవాడు స్టూవర్ట్ చెషైర్. పాత మాకింతోష్‌లలో ఆపిల్‌టాక్ అనే పద్ధతి ఉండేది. వైరు తగిలిస్తే చాలు, ప్రింటర్ పేరు తెర మీద కనపడేది. ఇంటర్నెట్ పద్ధతి వచ్చి ఆపిల్‌టాక్‌ను పక్కకు నెట్టాక ఆ సుఖం పోయింది. పోయిన సుఖాన్ని ఇంటర్నెట్ పద్ధతి మీదే తిరిగి కట్టవచ్చని చెషైర్ 1997 నుంచి వాదిస్తూ వచ్చాడు. ఆపిల్‌లో చేరి, 2002లో మ్యాక్ ఓఎస్ టెన్ 10.2తో దాన్ని రాండెవూ అన్న పేరున బయటికి తెచ్చాడు. టిబ్కో అనే కంపెనీకి అప్పటికే ఆ పేరుతో ఒక సరుకు ఉంది. వ్యాజ్యం నడిచి, 2005లో రాండెవూ కాస్తా బాంజూర్ అయింది. పేర్ల తగాదాలు తీర్చడానికి పుట్టిన సాఫ్ట్‌వేరుకే పేరు తగాదా తప్పలేదు. చెషైర్, మార్క్ క్రోక్మల్ కలిసి రాసిన నియమపత్రాలు ఆర్ఎఫ్‌సీ 6762, 6763 అన్న సంఖ్యలతో 2013 ఫిబ్రవరిలో వెలువడ్డాయి. అంటే పదేళ్లకు పైగా వాడి, అరగదీసి, ఆ తర్వాత అచ్చు వేశారు. ఆ పత్రాల్లోని అంకెలు అంత నిదానంగా ఉండటానికి కారణం అదే అనుకుంటాను.

ఆపిల్ తన సొంత కోడును బయటపెట్టినా, మొదట్లో దాని లైసెన్సు లినక్స్ వాళ్లకు కుదరలేదు. ఆ ఖాళీలో ట్రెంట్ లాయిడ్, లెన్నార్ట్ పోటరింగ్ సీ భాషలో అవాహిని రాశారు. పోటరింగ్ తర్వాత, లినక్స్‌లో సేవలన్నిటినీ మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీ రాశాడు. ఆ పేరెత్తితే పాతకాలపు యూనిక్స్ మనుషులు ఇప్పటికీ మొహం చిట్లిస్తారు. చిట్లించేవాళ్లు కూడా అవాహిని కాస్త విప్పి చూడాలని నా మనవి.

డెబియన్‌లో అవాహి-డీమన్ అన్న ఒక్క ప్యాకేజీ అడిగితే చాలు. దాన్ని సిఫారసుగా అంటిపెట్టుకుని లిబ్-ఎన్ఎస్ఎస్-ఎండీఎన్ఎస్ కూడా వస్తుంది (ఎండీఎన్ఎస్ అంటే మల్టీకాస్ట్ డీఎన్ఎస్, చెషైర్ పద్ధతి పేరే). మొదటిది మన పేరును నలుగురికీ చెబుతుంది, రెండోది నలుగురి పేర్లనూ మన యంత్రంలోని ప్రోగ్రాములకు అర్థమయ్యేలా చేస్తుంది. ఈ రెండోది లేకపోతే సర్వర్ అందరికీ కనపడుతుంది గాని తను ఎవరినీ పేరుతో పిలవలేదు. ఇన్‌స్టాల్ చేసినవాళ్లు తలపట్టుకునేది చాలావరకు ఇక్కడే. ఫ్రీబీఎస్‌డీలో పని కొంచెం చేత్తో చేయాలి. అవాహి-యాప్, ఎన్ఎస్ఎస్-ఎండీఎన్ఎస్ ప్యాకేజీలు తెచ్చుకుని, ఆర్‌సీ కాన్ఫ్ ఫైల్లో డీబస్‌ను, అవాహి డీమన్‌ను రెంటినీ 'ఎస్' అని ప్రకటించి, పేర్లు వెతికే వరుసను మనమే దిద్దుకోవాలి.

ఆ వరుస ఉండేది ఎన్ఎస్‌స్విచ్ ఫైల్లో. పేరు కనపడగానే ఎవరెవరిని ఏ క్రమంలో అడగాలో చెప్పే ఒక్క పంక్తి. డెబియన్ దాన్ని తనే దిద్దుతుంది: ముందు సొంత ఫైళ్లు, తర్వాత ఎండీఎన్ఎస్4-మినిమల్, దాని పక్కన చదరపు బ్రాకెట్లలో 'దొరకకపోతే వెనక్కి వచ్చేయ్' అన్న ఆజ్ఞ, ఆ తర్వాత మామూలు డీఎన్ఎస్. ఈ మినిమల్ అన్నవాడు .లోకల్‌తో ముగిసే పేర్లను (ఈ పద్ధతిలో స్థానిక యంత్రాల పేర్లన్నీ అలాగే ముగుస్తాయి), 169.254తో మొదలయ్యే అడ్రసులను తప్ప దేన్నీ ముట్టుకోడు. గూగుల్ పేరు అడిగితే 'నా పరిధి కాదు' అని పక్కకు తప్పుకుంటాడు, ప్రశ్న డీఎన్ఎస్‌కు చేరుతుంది. .లోకల్ పేరు అడిగి, అది దొరకకపోతే మాత్రం బ్రాకెట్లలోని ఆజ్ఞ ఆ ప్రశ్నను అక్కడికక్కడే ఆపేస్తుంది. దుకాణంలోని యంత్రం పేరు దుకాణం గడప దాటి ఇంటర్నెట్‌లోకి పోదు. ఒక్క పంక్తిలో ఇంత వివేకం.

ఇక పేరు దక్కించుకునే తంతు. మన సర్వర్‌కు 'దుకాణం' అని పేరు పెట్టామనుకుందాం. బయటికి అది 'దుకాణం.లోకల్'. ఆ యంత్రం లేచి, తన వంతు పాచిక ఆలస్యం అయ్యాక, 224.0.0.251 అనే ఉమ్మడి అడ్రసుకు 5353 పోర్టు మీద ఒక వాకబు పంపుతుంది: 'ఈ పేరు ఎవరైనా వాడుతున్నారా?' 250 మిల్లీసెకన్లు ఆగి రెండోసారి. ఇంకో 250 ఆగి మూడోసారి. చివరి వాకబు తర్వాత కూడా అంతసేపు ఎవరూ అడ్డు చెప్పకపోతేనే పేరు తనది. అప్పుడు చాటింపు. అది కూడా ఒకసారి వేసి సరిపెట్టదు, సెకను ఎడంతో కనీసం రెండుసార్లు వేస్తుంది. వైఫైలో ఒక ప్యాకెట్ గాలిలో కలిసిపోయినా రెండోది చేరుతుందని.

ఒకే పేరు కోసం రెండు యంత్రాలు ఒకే క్షణంలో వాకబు చేస్తే? అక్కడ తీర్పరి ఎవరూ లేరు, ఏ కేంద్రమూ లేదు. అందుకే వాకబు పంపేటప్పుడే 'పేరు దక్కితే నేను ప్రకటించబోయే అడ్రసు ఇది' అని కూడా జతచేస్తారు. రెండు యంత్రాలూ ఎదుటివాడి వివరాన్ని తమ వివరంతో బైటు బైటుగా పోల్చి చూస్తాయి. పెద్ద విలువ ఉన్నది గెలుస్తుంది. మిగతావన్నీ సమానమై, ఒకటి 192.168.1.7, మరొకటి 192.168.1.12 అయితే 12 గెలుస్తుంది. ఇద్దరూ విడివిడిగా లెక్క చేసినా ఒకే తీర్పు వస్తుంది. ఓడినది సెకను ఆగి మళ్లీ వాకబు చేస్తుంది. అప్పటికి గెలిచినది పేరును స్థిరపరచుకుని ఉంటే అవాహి వాదన పెట్టుకోదు, తన పేరుకు '-2' తగిలించుకుని ముందుకు పోతుంది. లాగ్‌లో ఒక పంక్తి రాసి ఊరుకుంటుంది. పది సెకన్లలో 15 తగాదాలు వస్తే ఎక్కడో తేడా ఉందని గ్రహించి, ఇక ప్రతి వాకబుకూ ముందు కనీసం 5 సెకన్లు ఆగాలన్న నియమం కూడా ఉంది.

చిక్కు ఒకటి చెప్పాలి. ఒకే యంత్రాన్ని కేబులుతోనూ వైఫైతోనూ ఒకే నెట్‌వర్కుకు కలిపినప్పుడు, లేదా మధ్యలో ఏదో పెట్టె ప్యాకెట్లను తిప్పి పంపినప్పుడు, తన చాటింపు తనకే వినపడి అది వేరెవరిదో అనుకునే ప్రమాదం ఉంది. అప్పుడు దుకాణం కాస్తా దుకాణం-2, దుకాణం-3 అవుతూ పోతుంది. ఆకృతీకరణ ఫైల్లో ఏ ఇంటర్‌ఫేస్ మీద మాట్లాడాలో ఒక్కటే రాసి ఇస్తే ఈ వింత చాలావరకు ఆగుతుంది.

పేరు దక్కాక అసలు మౌనం మొదలవుతుంది. ఒక కంప్యూటర్ 'ఇక్కడ ప్రింటర్లు ఏమున్నాయి?' అని అడిగినప్పుడు, తనకు ఇప్పటికే తెలిసిన జవాబులను ఆ ప్రశ్నతో పాటే జాబితాగా పంపుతుంది. ఆ జాబితాలో తన పేరు చూసుకున్న ప్రింటర్, దాని గడువు సగానికి పైగా మిగిలి ఉంటే, నోరు మెదపదు. తెలిసినవాడికి మళ్లీ చెప్పడం దండగ. పలువురు జవాబు చెప్పగల ప్రశ్న అయితే ప్రతి ఒక్కరూ 20 నుంచి 120 మిల్లీసెకన్ల మధ్య ఎంతోకొంత ఆగుతారు. ఈలోగా అదే జవాబు మరొకరు చెబితే తాము మానుకుంటారు. మనం అడగబోయే ప్రశ్న పక్కవాడు అడిగితే మనం అడగడమూ మానుకోవచ్చు, జవాబు అందరికీ వినపడుతుంది కదా. అదేపనిగా వెతికే ప్రోగ్రాము కూడా తన ప్రశ్నల మధ్య ఎడాన్ని రెట్టింపు చేసుకుంటూ గంటకొకటి దాకా పోతుంది.

గడువుల్లోనూ ఇదే లెక్క. అడ్రసు వివరాలకు 120 సెకన్లు, మిగతా వాటికి 75 నిమిషాలు. అడ్రసులు తొందరగా మారతాయి గనుక వాటికి తక్కువ. గడువులో 80 శాతం గడిచాక, ఆ వివరం ఇంకా ఎవరికైనా కావాలంటేనే మళ్లీ అడుగుతారు. జవాబు రాకపోతే 85, 90, 95 శాతాల దగ్గర. 75 నిమిషాలకు 80 శాతం సరిగ్గా గంట. అందరి గడియారాలూ కలిసిపోకుండా ఈ శాతాలకు మళ్లీ 2 శాతం దాకా పాచిక తేడా. అంటే నిశ్శబ్దంగా ఉన్న దుకాణంలో ఈ వ్యవస్థ గంటకొకసారి పెదవి కదుపుతుంది.

యంత్రాన్ని సరిగ్గా ఆపినప్పుడు అది తన వివరాలను సున్నా గడువుతో ఒకసారి పంపి వెళుతుంది, వెళ్లొస్తానని. విన్నవాళ్లు ఆ వివరాన్ని వెంటనే చెరిపేయరు, ఒక్క సెకను ఉంచుతారు. ఎందుకంటే అదే సేవను మరో యంత్రం కూడా కలిసి నడుపుతూ ఉండవచ్చు. వెళ్లేవాడు పొరపాటున ఇద్దరి తరఫునా సెలవు తీసుకుని ఉంటే, మిగిలినవాడు 'నేనింకా ఉన్నాను' అనడానికి ఆ సెకను. ఒకరి పొరపాటు మరొకరిని ముంచకుండా ఒక సెకను అరువిచ్చిన ఈ నియమం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఇదంతా నియమపత్రంలోని పనితనం. అవాహి సొంత చేతివాటం భద్రతలో కనపడుతుంది. వచ్చే పోయే ప్రతి ప్యాకెట్టునూ చదివే ప్రోగ్రాము రూట్ అనే సర్వాధికారంతో నడవడం ప్రమాదం. అందుకే అది రూట్‌గా మొదలై, కావలసిన తలుపులు తెరుచుకుని, అవాహి అనే మామూలు యూజరుగా దిగిపోతుంది. అంతటితో ఆగక తన ఆకృతీకరణ ఫోల్డరులోనే తనను తాను బంధించుకుంటుంది. ఆ నాలుగు గోడలు దాటి మిగతా డిస్కు దానికి కనపడదు. కానీ డీఎన్ఎస్ సర్వర్ల వివరం ఉన్న ఫైలు లాంటివి ఒకటీ అరా బయట ఉన్నాయే, వాటి సంగతి? బంధించుకునే ముందే ఒక సహాయక ప్రాసెస్‌ను గోడ బయట నిలబెడుతుంది. నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా తీస్తే అవాహి-డీమన్ పక్కన 'క్రూట్ హెల్పర్' అని కనపడేది అదే. లోపలివాడు బయటివాడికి ఫైలు పేరు చెప్పడు. చెప్పగలిగితే, లోపలివాడిని లొంగదీసుకున్న దొంగ ఏ ఫైలైనా తెప్పించుకోగలడు. కాబట్టి ఒకే ఒక్క బైటు పంపుతాడు, ఫలానా పని అని. ముందే రాసిపెట్టిన కొద్దిపాటి జాబితాలో ఆ సంఖ్యకు ఎదురుగా ఉన్న ఫైలును బయటివాడు తెరిచి అందిస్తాడు. జాబితాలో లేనిది అడిగే మార్గమే లేదు.

కొత్త సేవను చాటడానికి సర్వీసెస్ ఫోల్డరులో పది పంక్తుల ఎక్స్ఎంఎల్ ఫైలు పెడితే చాలు. పేరు, సేవ రకం, పోర్టు. పేరు ట్యాగులో రీప్లేస్-వైల్డ్‌కార్డ్స్‌కు 'ఎస్' అని చెప్పి, పేరు దగ్గర శాతం గుర్తూ హెచ్ అక్షరమూ రాస్తే యంత్రం పేరు అక్కడ దానంతట అదే చేరుతుంది. డీమన్‌ను ఆపి వేయనక్కర్లేదు. ఫోల్డరులో కదలికను కెర్నెల్ చెబుతుంది, ఇది చాటింపు వేస్తుంది. ఫైలు తీసేస్తే సెలవు చెబుతుంది. అవాహి-బ్రౌజ్ అన్న ఆజ్ఞను మరో కిటికీలో నడుపుతూ ఈ ఫైలును పెట్టి తీసి చూడండి, పని ఎంత చురుగ్గా జరుగుతుందో.

ఇది అన్ని చోట్లా పనికొచ్చేది కాదు. ఉమ్మడి అడ్రసుకు వేసే కేక రూటర్ దాటదు గనుక ఒక దుకాణం, ఒక బడి, ఒక ఇల్లు, అంతవరకే. వేల సర్వర్లున్న డేటా సెంటర్లలో జూకీపర్, ఎట్‌సీడీ, 2014లో వచ్చిన కన్సల్ వంటివి ఈ పని చేస్తాయి. వాటి తీరు వేరు, వాటికి చిట్టా రాసే కేంద్రాలుంటాయి. కొన్ని వైఫై రూటర్లు ఒక పరికరం మాట మరొకదానికి వినపడకుండా అడ్డుగోడ కడతాయి, అక్కడ అవాహి మూగది. ఇంతకన్నా పెద్ద లోటు, ఇది అందరినీ నమ్ముతుంది. వైఫై పాస్‌వర్డు తెలిసిన ఎవడైనా 'నేనే ప్రింటర్‌ను' అనవచ్చు. తాజాగా ఇన్‌స్టాల్ చేసిన ఉబుంటులో బయటి ప్రశ్నలకు చెవి ఒగ్గే ఏ సేవా ఉండకూడదన్నది వాళ్ల నియమం. నెట్‌వర్కు అడ్రసు తెచ్చుకునే డీహెచ్‌సీపీ లాంటి వాటితో పాటు అవాహికి మినహాయింపు ఇచ్చుకున్నారు. బయటి నెట్‌వర్కు నుంచి వచ్చిన ప్రశ్నకు అవాహి జవాబిచ్చే లోపం ఒకటి 2017లో నమోదైంది కూడా. ఇంటర్నెట్‌కు నేరుగా ఎదురుగా నిలిచే సర్వర్ మీద దీన్ని పెట్టకండి. పెడితే 5353 పోర్టును బయటివైపు మూయండి. పైగా 2020 ఫిబ్రవరిలో 0.8 వచ్చాక ఏళ్ల తరబడి అదే తాజా విడుదలగా నిలిచిపోయింది. ఇన్ని యంత్రాలు ఆనుకున్న ప్రాజెక్టును అంత తక్కువ చేతులు మోయడం నాకు బాగోలేదు.

చివరికి తెలుగు సంగతి. .లోకల్ యంత్రాలకు ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు పెట్టడం అలవాటు గాని, సేవల పేర్లకు ఆ కట్టుబాటు లేదు. ఆర్ఎఫ్‌సీ 6763 ప్రకారం అవి మనుషులు చదివే పేర్లు, యూటీఎఫ్-8లో ఏ లిపి అయినా సరే, ఖాళీలు కూడా ఉండవచ్చు. హద్దు ఒక్కటే, 63 బైట్లు. తెలుగులో ఒక్కో సంకేతానికి 3 బైట్లు. గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, వాటికీ తలా మూడు. 'ముదినేపల్లి' 11 సంకేతాలు, 33 బైట్లు. 'ప్రింటర్' 8 సంకేతాలు, 24 బైట్లు. మధ్య ఖాళీతో కలిపి 58. పడుతుంది. సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడి ఉన్న సింగరాయపాలెం ఇదే మండలంలోది. 'సింగరాయపాలెం ప్రింటర్' అని పెడితే 61, అదీ పడుతుంది.

ఇప్పుడు అదే పేరుతో రెండో ప్రింటర్ వచ్చిందనుకోండి. సేవల పేర్లకు అవాహి ఒక ఖాళీ, ఒక గడి గుర్తు, 2 అంకె తగిలిస్తుంది, 3 బైట్లు. ముదినేపల్లిది 61 అవుతుంది, ఏ ఇబ్బందీ లేదు. సింగరాయపాలెంది 64, హద్దు దాటింది. కోడు పేరును 60 బైట్ల దగ్గర కోస్తుంది. కోత సరిగ్గా చివరి పొల్లు నడిమధ్య పడుతుంది, 3 బైట్లలో 2 మిగులుతాయి. అలా వదిలేస్తే తెర మీద పిచ్చి గుర్తులు వస్తాయి. వదలలేదు. కోసిన తర్వాత చివరి నుంచి ఒక్కో బైటూ తీసేస్తూ, మిగిలినది చెల్లుబాటయ్యే యూటీఎఫ్-8 అయ్యేదాకా చూసే చిన్న ఫంక్షన్ ఒకటి దీనికోసమే రాశారు. తెలుగు తెలియని ఇద్దరు రాసిన కోడు తెలుగు పేరును చెడగొట్టకుండా కాపాడుతుంది, దాదాపుగా. బైట్లు చెడవు గాని పొల్లు పోతుంది. తెర మీద 'సింగరాయపాలెం ప్రింటర #2' అని కనపడుతుంది. అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో యూనికోడ్ నియమాలున్నాయి. వాటిని చూసి కోసేలా ఆ ఫంక్షన్‌ను దిద్దవచ్చు, పెద్ద పని కాదు, మన ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ఎవరైనా పూనుకోవచ్చు. అప్పటిదాకా తెలుగులో పేరు పెట్టేవాళ్లు ఖాళీలతో సహా 60 బైట్ల లోపు ఉంచుకుంటే పొల్లు నిలుస్తుంది. 'సింగరాయపాలెం ముద్రణ' అన్నా 55కే సరిపోతుంది.